ఎర్రంచు బొమ్మ

నా బొమ్మలకి అంచులుంటాయి. చుట్టూ గీసిన గీతలు కావు, బిగించిన చెక్కలూ కావు. బట్టతో పాటు మగ్గం మీద నేసిన అంచులు. ఎక్కువగా ఎరుపు, ఒక్కోసారి మామిడిపండు రంగు. వాటి మీద నేను కుంచె పెట్టను. బొమ్మలు ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, తల ఓ పక్కకి వాల్చి, "బాగుందండి, కానీ ఈ అంచు లేకపోతే ఇంకా బాగుండేదేమో" అంటారు. లేకపోతే బాగుండేదో లేదో నాకు తెలియదు. లేకుండా మాత్రం ఉండదు. ఆ మాటే చెబుతాను. కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు నాకు పొగరనుకుంటారు. పొగరే. అదెక్కడ పట్టుకుందో కూడా చెబుతాను, దాచుకునేదేం లేదు.

మాది ఉప్పాడ. అమ్మా నాన్నా ఒకే గుంట మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జాందానీ చీరలు నేసేవారు. పువ్వు రావాల్సిన చోట చిన్న చిన్న కండెలతో రంగుదారాన్ని వేళ్ళతో ఎక్కించి, ఆ తర్వాత అడ్డదారం ఉన్న నాడె విసిరి, ఒక్కో వరసా దగ్గరికి కొట్టుకుంటూ పోవాలి. ఎడమవైపు పువ్వు అమ్మది, కుడివైపుది నాన్నది. ఇద్దరి చెయ్యీ ఒక్కలా ఉండాలి. పొద్దున్నే మాటా మాటా పెరిగి అమ్మ మొహం గంటు పెట్టుకుని కూర్చున్న రోజు కూడా ఆమె పువ్వూ ఆయన పువ్వూ ఒకే వరసలో విచ్చుకునేవి. నాకది భలే వింతగా ఉండేది. ఇందాకే కదా ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకున్నారు, మరి చేతులెలా కలిశాయి అనుకునేదాన్ని.

నా పని రాట్నం దగ్గర కండెలు చుట్టడం. చుడుతూ నేను చూసిందల్లా ఒకటే. నేసిన బట్ట నేసినట్టే నాన్న పొట్ట దగ్గరున్న కర్రకి చుట్టుకుపోయేది. కళ్ళ ముందు ఎప్పుడూ మూరెడు బట్టే ఉండేది. తప్పు దొర్లితే అప్పటికప్పుడు దారం విప్పుకోవాలి. చుట్టుకుపోయాక ఇక దాని ఊసెత్తకూడదు. "మొదట్లో నేసింది ఎలా వచ్చిందో చూడాలనిపించదా నాన్నా?" అని ఒకసారి అడిగాను. "చూసి ఏం చేస్తానే? చెయ్యాల్సింది ఇక్కడుంది" అని నాడె విసిరేశాడు. చీర దించిన రోజున చెరో కొసా పట్టుకుని వీధిలో విప్పేవాళ్ళు. తాము నేసిన చీరని వాళ్ళు మొత్తంగా చూసుకునేది అప్పుడే. కాసేపే. మర్నాడు అది షావుకారు గారి కొట్టుకి వెళ్ళిపోయేది.

డిగ్రీ చదవడానికి రాజమండ్రిలో పిన్ని గారింట్లో ఉన్నాను. తొంభైల చివరి మాట. సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకునేదాన్ని. మాస్టారు మంచివారే. ముందే ఆ మాట అనకపోతే ఆయన్ని ఆడిపోసుకుంటున్నానని అనుకుంటారు. రంగులో నీళ్ళెంత కలపాలో, కుంచె ఎప్పుడు ఎత్తాలో, తెల్లదనాన్ని ఎలా కాపాడుకోవాలో అన్నీ ఆయన నేర్పినవే. పేచీ ఒక్కచోటే వచ్చింది. "ముందు పెన్సిల్‌తో మొత్తం వేసుకోమ్మా. మధ్యలోంచి మొదలెట్టు. అప్పుడప్పుడూ లేచి దూరం నుంచి చూసుకో" అనేవారు. నా చెయ్యి మాత్రం కాగితం అడుగు అంచు నుంచి మొదలుపెట్టి, అడ్డంగా ఒక పట్టీ నింపి, దాని మీద ఇంకో పట్టీ నింపుకుంటూ పైకి పోయేది.

"ఏంటమ్మా అది, బొమ్మేస్తున్నావా, గోడకి సున్నమేస్తున్నావా?" అన్నారు ఒకరోజు.

"నేస్తున్నానండి" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "నేత ఇంట్లో వాళ్ళకొదిలెయ్. ఇక్కడికొచ్చింది ఆర్ట్ నేర్చుకోడానికి కదా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

అయినా సరే, ఆయన చెప్పినట్టు కొన్నాళ్ళు వేసి చూశాను. మధ్యలో ఒక మనిషిని వేస్తే బాగానే వచ్చేవాడు. ఆ తర్వాత చుట్టూ మిగిలిన చోటుని నింపాలి. ఆ నింపడమే నాకు చేతకాలేదు. చేతకాలేదని కాదు, మనసొప్పలేదు. చీరలో మిగిలిన చోటు అనేది ఉండదు. పువ్వు లేని చోట కూడా ఎవరో ఒకరు కూర్చుని, కాళ్ళు లాగుతుంటే, అదే నాడె విసిరి, అదే బలంతో కొట్టి నేసిందే. పువ్వున్న వరసకి పట్టే ఓపికే పువ్వు లేని వరసకీ పడుతుంది. చూసేవాళ్ళు దాన్ని ఖాళీ అంటారు. నేసేవాళ్ళకి అది ఖాళీ కాదు. నా బొమ్మలో ఆకాశం, మనిషిని వేశాక మిగిలిన జాగా కాకూడదు. ఆకాశాన్నీ కూర్చుని నెయ్యాలి. ఇది తేలిపోయాక మాస్టారి పద్ధతికి దండం పెట్టేశాను.

ఏటా మాస్టారూ, ఊళ్ళో నలుగురు పెద్దలూ కలిసి ఒక హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టేవారు. శిష్యుల బొమ్మల్లో బాగున్నవి గోడకెక్కేవి. హాలు పక్కనే వసారా, దాని కింద ఆవరణలో చేనేత స్టాలు ఉండేవి. ఆ ఏడు ఆ హాల్లో గోడ మీద నా బొమ్మ ఉండి తీరాలనుకున్నాను. నేత అని నవ్విన ప్రతివాళ్ళూ దాని ముందు నిలబడి బొమ్మ అనాలి. అంతకన్నా పెద్ద కోరికలేవీ లేవు నాకప్పుడు.

సెలవులకి ఇంటికెళ్ళి నాన్నని అడిగాను. "నాకో బట్ట నేసిపెట్టు. తెల్లది. పువ్వులొద్దు, జరీ వద్దు, అంచు కూడా వద్దు."

నాడె పట్టుకున్న చెయ్యి ఆపేశాడు. "ఏమీ వద్దా?"

"ఏమీ వద్దు. అన్నీ నేనే వేసుకుంటాను."

"ఏమీ లేకుండా నెయ్యడానికి మీ నాన్నెందుకే, బజార్లో తాను చింపించుకోరాదూ?" అంది అమ్మ.

"ఇంట్లో మగ్గం పెట్టుకుని బజార్లో కొనడమేంటే అమ్మా, నవ్విపోతారు" అన్నాను. నాన్న మళ్ళీ నాడె విసరడం మొదలుపెట్టాడు. సరేనన్నట్టే ఉంది.

మళ్ళీ ఇంటికి వచ్చేసరికి బట్ట తయారుగా ఉంది. మడత విప్పి చూద్దును కదా, అటూ ఇటూ రెండేసి వేళ్ళ వెడల్పున ఎర్రంచు! నాలుగు మూలలా పసుపు!

అంచంటే బట్ట నేసేశాక చివర్లో తగిలించేది కాదు. నిలువుదారాల పడుగు వేసేటప్పుడే అటూ ఇటూ రంగునూలు పెట్టుకోవాలి. అంటే నాన్న తొలిరోజే నా మాట పక్కన పెట్టేశాడన్నమాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంచొద్దన్నానా లేదా?"

"అన్నావు."

"మరి?"

నాన్న తలెత్తలేదు. కండెలు సర్దుకుంటూ, "అంచు లేని తెల్లబట్ట ఎవరికి కప్పుతారో తెలుసా నీకు? పాడె మీద పడుకున్నోళ్ళకి. ఎవరైనా వచ్చి అడిగితే నేస్తాను, అది వేరు. నా కూతురికి నా చేత్తో అలాంటి బట్ట నెయ్యను. బొమ్మేసుకో, ఇంకేవైనా చేసుకో. అది మాత్రం నా వల్ల కాదు" అన్నాడు.

"పసుపెందుకే మరి? దీని మీద రంగులెయ్యాలి!" అని అమ్మ మీద పడ్డాను.

"కొత్తబట్ట కదా మరి? నువ్వు కట్టుకుంటే ఏంటి, గోడకి కడితే ఏంటి?" అంది అమ్మ. పైగా నన్నే వింతగా చూసింది. అమ్మకానికి పోయే చీరకి పసుపు పెట్టరు. ఇంట్లోవాళ్ళు కట్టుకునేదానికే పెడతారు. ఇన్నేళ్ళూ ఊళ్ళవాళ్ళ కోసం నేస్తూ వచ్చిన మగ్గం మీద మొదటిసారి ఇంటి బట్ట దిగిందని అమ్మ సంబరం. ఇక అమ్మతో ఏం వాదిస్తాం?

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగాను. మూడోరోజు రంగులు కలుపుకున్నాను. తుమ్మజిగురులో కలిపిన పొడిరంగులు. నాన్న పాత కర్రలు రెండు తెచ్చి, బల్లకి అటొకటీ ఇటొకటీ బిగించాడు. బట్ట ఒకదానికి చుట్టి ఉంటుంది, నేను మూరెడు వేసి, ఆరాక, రెండోదానికి చుట్టేస్తాను. అంతే. వెనక్కి విప్పి చూడ్డం లేదు. నా బల్ల మగ్గం పక్కనే వేసుకున్నాను. వాళ్ళ నాడె చప్పుడుకి నా కుంచె నడిచేది. ముందు సముద్రం వేశాను, మా ఊరికి అదే ముందు గనక. దాని పైన ఒడ్డుకి అడ్డంగా పోసిన బండరాళ్ళు, ఆ పైన అలలు కొరికేసిన రోడ్డు, మొదలు తెగిన తాటిచెట్లు, గోడ కూలిన ఒక ఇల్లు, ఆ గోడ పక్కనే ఆగకుండా ఆడుతున్న మగ్గం, చివరికి ఆకాశం. ఆకాశానికి వచ్చేసరికి సముద్రం ఎలా వేశానో నాకే సరిగ్గా గుర్తులేదు. అయినా విప్పలేదు. విప్పాలని వేళ్ళు దురద పెట్టేవి. చెయ్యాల్సింది ఇక్కడుంది అనుకునేదాన్ని.

బట్టకి అడుగుపూత పుయ్యలేదు కాబట్టి రంగు వెనక్కి కూడా దిగింది. దించిన రోజు అమ్మా నాన్నా చెరో కొసా పట్టుకుని వీధిలో విప్పారు. ఇటునుంచి చూస్తే ముదురు సముద్రం, అటునుంచి చూస్తే లేత సముద్రం. మూలల్లో అమ్మ పెట్టిన పసుపు, నేను ఎంత రంగేసినా, లోపల్నుంచి కనబడుతూనే ఉంది. రెండు పక్కలా ఎర్రంచు, దాని మీద నా రంగు చుక్క కూడా పడలేదు. ఎందుకు వదిలేశానో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. అది నాన్న నేసింది, నేను వేసేది కాదు అనిపించింది, అంతే. "చీర బాగుందే!" అంది ఎదురింటావిడ. "చీర కాదు. మా అమ్మాయి బొమ్మ" అన్నాడు నాన్న, వీధి చివరిదాకా వినబడేలా.

బొమ్మ మోసుకొస్తానని నాన్న కూడా రాజమండ్రి బయల్దేరాడు. చుట్టిన బట్టని బస్సులో నిలబెట్టి పట్టుకున్నాడు. ఎవరి కాలూ తగలకూడదని అలా నిలబెట్టుకునే వచ్చాడు. "ఏంటండి అది, చాపా?" అన్నాడు కండక్టరు. మా నాన్న అతనికి కూడా వివరంగా చెప్పాడు.

హాలు గుమ్మం బయట నాన్న చెప్పులు విప్పేశాడు. అందరూ చెప్పులతోనే తిరుగుతున్నారు, ఆయన్ని విప్పమని ఎవరూ అనలేదు. లోపల బల్ల మీద బొమ్మ పరిచాం. మాస్టారు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నడిచారు. మళ్ళీ వెనక్కి నడిచారు.

"బాగుందమ్మా. నిజంగా బాగుంది" అన్నారు. నాన్న వైపు చూశాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"కానీ అంచు తీసెయ్యాలి" అన్నారు మాస్టారు.

"ఎందుకండీ?"

"అంచుంటే చూసేవాడికి చీరే కనబడుతుంది. బొమ్మ కనబడదు. నీ మంచికే చెబుతున్నాను."

"తీస్తే పక్క దారాలు ఊడిపోతాయండి."

"పోనీ కత్తిరించొద్దు. వెనక్కి మడిచి ఫ్రేముకి మేకులు కొట్టించేస్తాను. ఎవరికీ కనబడదు."

"కనబడాలండి" అన్నాను.

మాస్టారికి చిరాకేసింది. "అలాగైతే కింద చేనేత స్టాలుంది. అక్కడ పెట్టుకో. హాల్లో అయితే కుదరదు."

అప్పుడు కదిలాడు మా నాన్న. "ఆయ్, అలాగేనండి మాస్టారూ, చిన్నపిల్లండి, తెలీక అంటోంది" అన్నాడు చేతులు నలుపుకుంటూ. నా వైపు తిరిగి, "తీసెయ్యమ్మా. పెద్దోరు చెబుతున్నారు కదా" అన్నాడు. బల్ల మీద కత్తెరుంది. అది తీసుకున్నాడు. ఎర్రంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, "నేనే కోస్తాలే. వేరేవాళ్ళు కోస్తే వంకరపోద్ది" అన్నాడు.

నా కూతురికి నా చేత్తో అంచు లేని బట్ట నెయ్యనన్న మనిషి. ఎదురుగా నిలబడి, నవ్వు మొహం పెట్టుకుని, తన అంచు తనే కొయ్యబోతున్నాడు. నాకోసమే. చెయ్యి పట్టుకుని కత్తెర లాగేసుకున్నాను.

"ముట్టుకోకు నాన్నా!" అని అరిచాను. హాల్లో అందరూ ఇటు తిరిగారు. తిరిగితే తిరగనీ. "మాస్టారూ, ఈ గోడ మీదున్న బొమ్మలన్నింటికీ బంగారు రంగు చెక్క ఫ్రేములున్నాయి కదండీ. వాటిని చూసి ఎవరైనా తలుపులనుకుంటున్నారా? చెక్కుంటే బొమ్మ తలుపైపోనప్పుడు, అంచుంటే బొమ్మ చీరెలా అయిపోద్దండీ?"

ఎవరో ఫక్కున నవ్వారు. మాస్టారి మొహం కందగడ్డలా అయింది. "నీ ఇష్టమమ్మా. గోడ మీద మాత్రం నీకు చోటు లేదు" అని వెళ్ళిపోయారు. నాన్న నన్ను మందలించలేదు, మెచ్చుకోలేదు. బట్ట మెల్లగా చుట్టడం మొదలుపెట్టాడు.

"చుట్టకు" అన్నాను.

స్టాల్లో పెట్టలేదు. బయట వసారాలో రెండు స్తంభాలకి తాడు కట్టి, బట్ట పై కొస దానికి కట్టి వేలాడదీశాను. అనుమతి ఎవరిచ్చారని వాచ్‌మన్ అడిగితే నేనే ఇచ్చుకున్నానన్నాను. లోపలికి వెళ్ళేవాళ్ళకి వెనకవైపు లేతసముద్రం, బయటికి వచ్చేవాళ్ళకి ముందువైపు ముదురుసముద్రం. గోడకి కొడితే ఒక్కవైపే కదా కనబడేది? ఒకావిడ కొస పట్టుకుని భుజమ్మీద వేసుకోబోయింది. "ఎంతమ్మా ఇది?"

"చీర కాదండి."

"మరేంటి?"

"చూసి మీరే చెప్పండి."

చూసింది. కొస వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఇల్లు పడిపోతున్నా ఎవరో నేస్తూనే ఉన్నారేంటి?" అంది కాసేపటికి. నాకింకేం కావాలి? నాన్న స్తంభం వెనకాల నిలబడి వింటున్నాడు.

సాయంత్రం జనం పలచబడ్డాక మాస్టారు వసారాలోకి వచ్చారు. ముందువైపు చూశారు, తాడు కిందినుంచి వంగి వెనకవైపు కూడా చూశారు. "ఇంత మొండితనం పనికిరాదమ్మా" అన్నారు. కోపంగా కాదు. "వచ్చే ఏడు అంచు లేని బట్ట మీద వేసుకురా. ఎదురుగోడ మొత్తం నీకే ఇస్తాను. ఇంకెవరి బొమ్మా పెట్టను. నా మాట."

హాలు గుమ్మంలోంచి ఆ గోడ కనబడుతోంది. అడుగుపెట్టగానే మొదట కళ్ళబడే గోడ అదే. లేదని అబద్ధమాడను, నోరూరింది. రాత్రికి నాన్నని తిరుగుబస్సు ఎక్కించాను. అప్పుడు కూడా ఆయన బొమ్మ చుట్టని నిలబెట్టుకునే కూర్చున్నాడు.

కొన్నాళ్ళకి సెలవులకి ఇంటికి వెళ్ళాను. పొద్దున లేచేసరికి నాన్న కొత్త పడుగు వేస్తున్నాడు. షావుకారు గారిదేమో అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా తెలుపే. కట్టగా చుట్టిన ఎర్రనూలు చిలప దూరంగా గోడవారన పడుంది. అమ్మ రాట్నం ఆపేసి గుమ్మంలో నిలబడింది.

"ఎవరికి నాన్నా?"

"నీకే." తలెత్తలేదు. దారం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఈసారి అంచు వెయ్యడం లేదులే. గోడ మొత్తం ఇస్తానన్నారు కదా."

పోగుల లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటున్నాడు. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను ఆ చేతుల్ని. అమ్మతో తిట్టుకున్న రోజు లెక్క తప్పలేదు, సముద్రం వీధి చివరికొచ్చిన రోజూ తప్పలేదు.

వెళ్ళి ఎర్రనూలు చిలప తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. దాని వంక చూశాడు, నా వంక చూశాడు.

"గోడ పోద్దే" అన్నాడు.

"పోనీ."

చిలప విప్పి, కొస వెతుక్కుంటూ, "ఎంత వెయ్యమంటావు? రెండు వేళ్ళేనా?" అన్నాడు.

"జానెడు" అన్నాను. "అటు జానెడు, ఇటు జానెడు."